కూర్చోబెట్టి తీసిన కొలత

కుట్టు మిషను నేర్చుకుంటున్న ఏ అమ్మాయినైనా అడగండి, కొలత ఎలా తీస్తారని. మనిషిని నిలబెట్టి తీస్తాం అంటుంది. పనిచేసినన్నాళ్ళూ నేనూ అలాగే తీశాను, ఒక్కసారి తప్ప. ఈమధ్య ఫ్యాషన్ డిజైనింగ్ చదివే పిల్లలు కొందరు తిరువూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను ఒక పెద్ద గాయనికి స్టేజీ డ్రెస్సులు కుట్టానని వాళ్ళకెవరో చెప్పారట. వాళ్ళు వచ్చింది ఆమె గురించి అడగడానికేగాని నా మీద ప్రేమతో కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. టీ ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి పంపేశాను. అసలు సంగతి చెప్పలేదే అని తర్వాత అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. రాయకపోయినా గంపలగూడెం, ఎ.కొండూరు వైపు వాళ్ళకు తెలిసిపోతుంది. మిగతావాళ్ళకు పేరు చెబితే పాటలు గుర్తొచ్చి పాడుకుంటూ కూర్చుంటారు, నేను రాసింది చదవరు. చర్చిలో పాడుతూ మొదలుపెట్టి, క్యాసెట్ల కాలంలో సినిమా పాటలు కాకుండా సొంత పాటలతో పేరు తెచ్చుకుని, క్యాసెట్లు పోయి సీడీలొచ్చి, సీడీలు పోయి ఫోన్లొచ్చినా స్టేజీ దిగని మనిషి. మేమంతా మేడం అనేవాళ్ళం. ఇక్కడా అలాగే అంటాను.

మేడం నాకు పరిచయమైంది ఒక శాలువా వల్ల. అప్పుడు నాకు పాత బస్టాండు సందులో లేడీస్ టైలరు షాపుండేది. నెమలి అనే ఊళ్ళో గుడి ఉత్సవాలకు పాడటానికి వస్తూ మధ్యలో ఎక్కడో ఆగితే, అక్కడి పెద్దమనిషి ఒకాయన ఆమెకు శాలువా కప్పాడు. శాలువా కుచ్చులు కోటు భుజం మీద హుక్కులకు చిక్కుకున్నాయి. ఆయన మర్యాదగా విడిపించకుండా గట్టిగా లాగాడు. కోటు చెయ్యి ఊడి వచ్చింది. సాయంత్రం ప్రోగ్రాముంది, ఇంకో డ్రెస్సు లేదు. ఎవరో నా షాపు చూపించారు.

"ఎవరు కుట్టారండీ ఇది? లోపల పిసరు గుడ్డ కూడా వదల్లేదు. ఇప్పుడు దేనికి పట్టి కుట్టాలి?" అన్నాను. ఎదురుగా ఉన్నది ఎవరన్నది కూడా చూడలేదు.

"హైదరాబాదులో పెద్ద షాపులో కుట్టించాను" అంది మేడం.

"పెద్ద షాపు కదండీ, గుడ్డ దాచుకున్నట్టున్నారు" అన్నాను.

ఆమె నవ్వింది. నేను కోటుకు సరిపోయే గుడ్డ దొరక్క, ఎవరి లంగాకో మిగిలిన ఎర్ర పట్టు ముక్క తీసి భుజం చుట్టూ పట్టీలా వేసి చెయ్యి అతికించాను. నల్ల కోటు మీద ఎర్ర అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. క్షమించమందామనుకునేలోపే ఆమె అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "రెండో భుజానికి కూడా వెయ్యి" అంది. ఆ ఏడు మా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి జాకెట్లన్నిటికీ భుజం చుట్టూ వేరే రంగు పట్టీ కావాలని అడిగారు. నేను వేసింది అతుకు. ఆమె దాన్ని ఫ్యాషన్ చేసింది. మా ఇద్దరి ఉద్యోగాలూ ఆ తర్వాత కూడా ఇంచుమించు ఇలాగే నడిచాయి.

కొన్నాళ్ళకు నెలజీతం మీద ఆమె ట్రూపులో చేరాను. ఆమెతో పని సుఖమని చెప్పను. ఒక టూరులో వేసిన రూపం ఇంకో టూరులో ఉండకూడదు. పాత పాట పాడినా దరువు మార్చాలి, డ్రెస్సు మార్చాలి. "అప్పట్లో" అనే మాట ట్రూపులో ఎవరన్నా ఆమెకు పడేది కాదు. ఏ ఊరెళ్ళినా పనిగట్టుకుని బస్టాండు దగ్గర కారాపించి, అద్దాలు ఎత్తి, కాలేజీ అమ్మాయిలు ఏం వేసుకుంటున్నారో, చున్నీ ఎటు వేస్తున్నారో, ప్యాంటు ఎక్కడిదాకా మడుస్తున్నారో చూసేది. చూసింది చూసినట్టు కుట్టించుకునేది కాదు. "వాళ్ళలా ఉంటే నేను కాపీ. వాళ్ళు ఇంకో ఏడాదికి ఏం వేసుకుంటారో అది ఆలోచించు" అనేది. అది నాకెలా తెలుస్తుంది? ఆమెకు మాత్రం ఎలాగో తెలిసేది. వయసుకు తగ్గట్టు ఉండొచ్చు కదా అని ఎవరన్నా అంటే, "తగ్గలేదండీ, ఏటేటా పెరుగుతోంది" అని నవ్వేసేది.

పాడేవాళ్ళకు కుట్టడం వేరే విద్య. పాట ఎత్తుకున్నప్పుడు పక్కటెముకలు విచ్చుకుంటాయి, మైకు పట్టుకున్న చెయ్యి పైకి లేస్తే చంక దగ్గర కోటంతా లేస్తుంది. అందుకని నేను టేపు చుట్టి, "ఆ పైస్థాయి చరణం అందుకోండి" అనేదాన్ని. ఆమె గొంతెత్తి పాడుతుంటే కొలత రాసుకునేదాన్ని. హోటలు గదుల్లో పక్కవాళ్ళు వచ్చి తలుపు కొట్టేవాళ్ళు, తిట్టడానికి కాదు, ఇంకోసారి పాడమని.

మా మేనేజరు ముందు ఆమె దగ్గర కీబోర్డు వాయించేవాడు. వేళ్ళకేదో ఇబ్బంది వచ్చి వాయించడం మానేసి లెక్కాపత్రం చూసుకునే పనిలోకి మారాడు. నన్ను అక్కా అనేవాడు. మంచివాడే. మంచివాడు కావడం వల్ల, చెయ్యకూడని పని చెయ్యాల్సొస్తే మొహంలో తెలిసిపోయేది.

ఇక అసలు టూరు దగ్గరికొస్తాను. అది రెండు విడతల టూరు. మొదటి విడత మన వైపు ఊళ్ళు, తిరువూరుతో ముగుస్తుంది. రెండో విడత పెద్ద నగరాలు. మేడంకు అప్పటికి అరవై దాటింది. ఖమ్మంలో మూడో పాటకు గిర్రున తిరిగి ఆగాలి. తిరిగింది గాని ఆగలేకపోయింది. పక్కకు తూలి మైకు స్టాండు పట్టుకుని నిలబడింది. జనం కేకలేశారు. మర్నాటికి ఆ ముక్క ఫోన్లన్నిటిలోనూ తిరిగింది.

ఒక టీవీ కుర్రాడు ఏమైంది మేడం అని అడిగాడు. ఆమె హాయిగా నవ్వి, "మా టైలరమ్మ అంచు కొంచెం పొడుగు పెట్టింది. కాలికి తగిలింది, అంతే" అంది.

నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో ఆ కోటే ఉంది. అంచు ఆమె పాదానికి బెత్తెడు పైన ఉంటుంది. తొక్కాలని చూసినా కాలికి తగలదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. తిరువూరు వచ్చేసరికి మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా, "ఏంటమ్మా, మేడాన్ని పడేశావంట?" అంది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు మూసుకున్నాను. జీతమిచ్చే మనిషి కనుక అని సర్దిచెప్పుకున్నాను గాని, కోపం పోలేదు. బట్ట పని తప్ప నాకు ఇంకో పేరు లేదు. దాన్ని ఆమె ఒక్క నవ్వుతో తీసేసింది.

తిరువూరు ప్రోగ్రాముకు ముందు మాకు కొన్నాళ్ళు విరామం. మేడం పెనుగొలనులో తమ్ముడి ఇంటికి వెళ్ళింది. నేను డ్రెస్సులన్నీ ఇంటికి తెచ్చుకుని ఊడిన చమ్కీలు, అద్దాలు కుట్టుకుంటున్నాను. ఒక పొద్దుటి పూట మేనేజరు వచ్చాడు. చేతిలో కవరు, అందులో ఒక జాకెట్టు.

"మేడం బాగా తగ్గారక్కా. ఇదిగో ఆది తెచ్చాను. రెండో విడత డ్రెస్సులన్నీ దీనికి సరిచేసెయ్. మళ్ళీ కొలతలని ఆవిడ్ని కదపమాక, రెస్టులో ఉన్నారు."

ఈ కాలం పిల్లలకు ఆది అంటే తెలుసో లేదో. మన ఆడవాళ్ళు టైలరు దగ్గరికి వచ్చి కొలతలివ్వరు. ఒంటికి సరిగ్గా కూర్చున్న పాత జాకెట్టొకటి బల్ల మీద పడేసి, దీని ప్రకారం కుట్టు అంటారు. టైలరు ఆ ఆదినే నమ్ముతుంది. మనిషిని చూడకుండా ఏళ్ళ తరబడి కుట్టిన ఇళ్ళున్నాయి నాకు. మేనేజరు నమ్మకం కూడా అదే, ఆది ఇస్తే టైలరు మనిషిని అడగదని.

జాకెట్టు తిరగేసి చూశాను. మనిషి తగ్గితే నడుం తగ్గుతుంది, ఛాతీ తగ్గుతుంది, చేతులు తగ్గుతాయి. భుజం ఎముక తగ్గదు. పైగా మేడంకు ఇన్నేళ్ళు మైకు పట్టి పట్టి కుడి భుజం కాస్త వాలింది. ఆమె జాకెట్టు ఏది కుట్టినా ఆ తేడా పెడతాను. ఈ భుజాలు రెండూ సమానంగా, ఇరుగ్గా ఉన్నాయి.

"ఇది ఎవరిది?" అన్నాను.

"మేడందేనక్కా."

"మేడం జాకెట్లు కుట్టేది నేను. నాకా చెప్తావు?"

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేల చూస్తూ చెప్పేశాడు. అది మా కోరస్‌లో పాడే అమ్మాయి జాకెట్టు. రెండో విడత మొత్తం ఆ అమ్మాయితోనే నడిపిస్తారు, మేడం పాటలే, మేడం డ్రెస్సులే. తిరువూరులో ఘనంగా సన్మానం. ఇదే ఆఖరి ప్రదర్శన అని కమిటీ పెద్ద స్టేజీ మీద ప్రకటిస్తాడు.

"మేడంకు తెలుసా?"

"అక్కడే తెలుస్తుంది. సొంత ప్రాంతంలో, అంతమంది ముందు, గౌరవంగా చెప్తే కాదనలేరు కదా."

"సిగ్గులేదూ?"

"ఉందక్కా. కానీ ఖమ్మంలో చూశావుగా. ఈసారి పడితే? తుంటి విరిగితే ఎవరు చూస్తారు ఆవిడ్ని? నగరాల్లో ప్రోగ్రాము పెట్టేవాళ్ళు కూడా భయపడుతున్నారు. అంచు గోల కాదని నాకూ తెలుసు."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నాకు ఒళ్ళు మండింది మాత్రం సన్మానం అన్నందుకు. మనవాళ్ళ పద్ధతి అది. మనిషి పనిచేసినన్నాళ్ళూ మంచినీళ్ళు కూడా అడగరు. ఇక చాలు, ఇంటికెళ్ళు అని చెప్పాల్సొచ్చినప్పుడు మాత్రం పూలు చల్లి, కిరీటం పెట్టి, శాలువాలు కప్పి చెప్తారు. ఊపిరాడకుండా కప్పితే ఎదురు మాట్లాడలేరు.

అతను వెళ్ళాక, రెండో విడతకని కుట్టిన నీలం కోటు ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. కుట్టు విప్పి, ఆ ఆది ప్రకారం కత్తిరిస్తే ఇక మేడం ఒంటికి పట్టదు. నిజం చెప్పాలి, ఒక పక్క మనసు, కత్తిరించెయ్, నీకేంటి, నిన్ను అందరి ముందూ చులకన చేసింది కదా అంది. కత్తెర పక్కన పెట్టేశాను. జాలిపడ్డానని అనుకునేరు. జాలి కాదు, కోపమే. నాకు ఆమెతో తేల్చుకోవలసిన లెక్క ఒకటుండగా, మధ్యలో వేరేవాళ్ళు ఆమెను సాగనంపడం నాకు నచ్చలేదు. జాకెట్టు సంచిలో పెట్టుకుని పెనుగొలను ఆటో ఎక్కాను.

మేడం వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే మోకాలి మీదున్న వేణ్ణీళ్ళ సంచి కుర్చీ వెనక్కి తోసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. జాకెట్టు చేతికిచ్చాను.

"ఏంటిది?"

"మీ ఆదంటండి. మేనేజరు ఇచ్చాడు."

ఆమె విప్పి ముందు పెట్టుకుని చూసింది. "నా పెళ్ళప్పుడు కూడా నేను ఇంత సన్నగా లేను" అంది. ఆ తర్వాత నవ్వలేదు. నేను విన్నదంతా చెప్పాను.

ఆమె కోపం ముందు నా మీదికే వచ్చింది. "ఖమ్మం కసి ఇలా తీర్చుకుంటున్నావా? ఈ కబురు మోసుకురావడానికి ఆటో కట్టించుకుని వచ్చావా?"

"కసి ఉందండి. లేదని ఎందుకు చెప్తాను? అంచు పాదానికి బెత్తెడు పైనుంది. మీకూ తెలుసు."

ఆమె కుచ్చిళ్ళు కొద్దిగా పైకి లాగింది. మోకాలు వాచి నున్నగా మెరుస్తోంది. అన్నేళ్ళు ఆమెకు బట్టలు తొడిగినదాన్ని, ఆ కాలు నేనెప్పుడూ చూడలేదు. ప్యాంటో, మేజోళ్ళో ముందే వేసుకుని నన్ను పిలిచేదని అప్పుడు తట్టింది.

"ఎన్నాళ్ళనుంచండీ?"

"చాలా కాలమైంది. ఇప్పుడు ముదిరింది. ఆపరేషను చేయించుకోమంటున్నారు. చేయించుకుంటే నెలల తరబడి కనబడకూడదు. నాలుగు నెలలు కనబడకపోతే జనం మర్చిపోతారు."

"కూర్చుని పాడొచ్చు కదండీ."

"కూర్చుని పాడితే భజన అంటారు. నేను పాడేది అది కాదు."

"నిలబడి పడిపోతే ఏమంటారండీ?"

ఆ మాట నోరు జారి వచ్చిందే. ఉద్యోగం ఊడిందనుకున్నాను. మేడం మరదలు టీ తెచ్చింది. ఇద్దరం తాగాం. పొలం పనికి వెళ్ళొచ్చిన తమ్ముడు పలకరించి లోపలికెళ్ళాడు. గ్లాసు కింద పెట్టి మేడం, "టేపు తెచ్చావా?" అంది.

తెచ్చాను. టేపు లేకుండా నేను సంతకు కూడా వెళ్ళను. బయటికి తీయగానే ఆమె అలవాటు చొప్పున కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయింది.

"లేవద్దండి. అలాగే కూర్చోండి."

మెడ నుంచి ఒడి దాకా, ఒడి నుంచి మోకాలు దాకా, కూర్చున్నప్పుడు నడుం ఎంత విప్పారుతుందో, వీపు ఎంత వంగుతుందో, అన్నీ ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే తీసుకున్నాను. పాడమన్నాను. పాడింది. పాడుతూ మొహం పక్కకు తిప్పుకుని కందిచేను వైపు చూస్తూ ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా తొణకలేదు. ఆ మనిషికి అంతకంటే కష్టమైన పని ఇంకోటి ఉండి ఉండదు. నాకు ఖమ్మం కోపం అక్కడే సగం పోయింది.

మర్నాడు నన్ను నీలం కోటు తెమ్మని, కోరస్ అమ్మాయిని కూడా పెనుగొలను పిలిపించింది. పిల్ల వస్తూనే ఏడుపు. "నాకు తెలీదు మేడం. కోరస్ వాళ్ళకి కొత్త డ్రెస్సులని ఆది అడిగారు, ఇచ్చాను."

మేడం నీలం కోటు ఆ పిల్లకు తొడిగి అద్దం ముందు నిలబెట్టమంది. నిలబెట్టాను. "చూడు, ఇందులో నువ్వు నా పాత ఫోటోలా ఉన్నావు. నువ్వెక్కడున్నావే?" అని, విప్పించి, జాకెట్టు దాని చేతిలో పెట్టింది. "రెండో విడతలో నీకు రెండు పాటలిస్తాను. నీ సొంతవి తెచ్చుకో. నీకేం డ్రెస్సు కావాలో ఈ అక్కకి చెప్పుకో."

పిల్ల ముక్కు తుడుచుకుని ఆలోచించి, "జేబులు కావాలి ఆంటీ" అంది.

మేడం పగలబడి నవ్వింది. "ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు చూడు. నాకూ పెట్టు."

ఇక కోటు సంగతి. నిలబడే మనిషికి కుట్టిన కోటు కూర్చుంటే పొట్ట దగ్గర ముడుచుకుంటుంది, కాలరు చెవుల్లోకి ఎక్కుతుంది. అందుకని ముందు భాగం కురచ చేసి, వెనక నడుం కిందనుంచి చీలిక ఇచ్చి, కుర్చీకి అటూ ఇటూ పరుచుకునేలా కింద వెడల్పుగా గేరా పెట్టాను. వీపు మీద అద్దాలన్నీ పీకేశాను, లేకపోతే ఆనుకోగానే గుచ్చుకుంటాయి. వాటిని తెచ్చి ఛాతీ మీదా చేతుల మీదా వేశాను. కాళ్ళు ఆడనప్పుడు చేతులే ఆడాలని మేడం పట్టు. చేతులు బాగా వెడల్పుగా పెట్టి లోపల మిరపపండు ఎరుపు లైనింగు వేయించింది. చెయ్యి దించితే నీలం, ఎత్తితే ఎరుపు. మొదటిసారి కుట్టింది భుజం దగ్గర పట్టేసింది. విప్పి మళ్ళీ కుట్టాను. నేనెప్పుడూ లోపల గుడ్డ వదులుతాను కాబట్టి బతికిపోయాను.

ప్రోగ్రాము కాలేజీ గ్రౌండులో. మధ్యాహ్నం ట్రయలుకు వెళ్ళేసరికి గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. మేడం క్యాసెట్ల నాటి ఫోటో, కింద వీడ్కోలు సభ అని పెద్దక్షరాలు. మేనేజరు మొహం పాలిపోయింది. మేడం కారులోంచి ఫ్లెక్సీని తేరిపార చూసి, "ఆ ఫోటోలో ఉన్నావిడ రిటైరైతే నాకేం అభ్యంతరం లేదు" అంది. మేనేజరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

స్టేజీ మీద సన్మానానికి పెళ్ళిళ్ళ వాళ్ళ సింహాసనం తెచ్చిపెట్టారు. ఎర్ర వెల్వెట్టు, చేతుల దగ్గర సింహాలు. మేడం కోటు వేసుకుని కూర్చుని చూసింది. అది ఎంత లోతుగా ఉందంటే ఆనుకుంటే కాళ్ళు నేలకు అందవు, చెయ్యి ఎత్తబోతే సింహం కోరలకు లైనింగు తగులుకుంటోంది. నేను చూసుకోవలసింది చూసుకోలేదు, నా కొలతంతా ప్లాస్టిక్ కుర్చీ మీద తీసింది.

"అయితే అదే తెప్పించు" అంది మేడం.

గ్రౌండు బయట టీకొట్టు నుంచి ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చాను. కమిటీ పెద్ద, వయసులో పెద్దాయన, పంచె సర్దుకుంటూ పరుగున వచ్చాడు. "అమ్మా, మా ఊరి ఆడపడుచువి. నిన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి సన్మానం చేస్తే రేపు మాకు మొహం ఎక్కడుంటుంది?"

"కోటు కింద కుర్చీ కనపడదు బాబాయ్. కనపడితే అప్పుడు తిట్టండి" అంది మేడం. ఆమె కూర్చున్నాక నేను గేరా రెండు వైపులా పరిచాను. కుర్చీ మాయమైంది. పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

సాయంత్రం సన్మానం మొదలైంది. మేడం అన్నిటికీ తలొంచింది. కిరీటం పెట్టించుకుంది, దండలు వేయించుకుంది. శాలువాలు మాత్రం భుజాల మీద వద్దని ఒళ్ళో తీసుకుంది. పెద్దాయన మైకులో, ఈ కళామతల్లి ముద్దుబిడ్డ తన ఆఖరి పాటను మన గడ్డ మీద, అంటూ గద్గదంగా చెప్పాడు. ఆయన నిజంగానే కదిలిపోయాడు. జనం కూడా. నేను తెర పక్కన సూదీదారం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె గనక ఆ క్షణాన మర్యాదకు పోయి దండం పెడితే అన్నీ అయిపోయినట్టే. అంతమంది కన్నీళ్ళ ముందు కాదనడం ఎవరి తరం?

మేడం మైకు తీసుకుంది.

"పెద్దలు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. సంతోషం. నిజానికి నేనే ఒక కుర్చీ అడుగుదామనుకుంటున్నాను" అంది. కొందరు నవ్వారు. "ఖమ్మంలో నేను తూలిన వీడియో మీరంతా చూసే ఉంటారు. అంచు కాలికి తగిలిందని చెప్పాను. అబద్ధం చెప్పాను. అంచు సరిగ్గానే ఉంది. నా మోకాలు బాగాలేదు. అది చెప్పుకోలేక, కుట్టినావిడ మీదికి తోసేశాను. ఆవిడది ఈ ఊరే. అదిగో, ఆ తెర పక్కనుంది. అందరి ముందూ వేసిన నింద కాబట్టి అందరి ముందే తీసేస్తున్నాను. నన్ను క్షమించమ్మా."

గ్రౌండంతా తలలు నా వైపు తిరిగాయి. నేను తెర వెనక్కి తప్పుకున్నాను. ఏడుపాగలేదు. ఆ మోకాలు దాచడానికి ఆమె ఎన్నేళ్ళు ఎన్ని తిప్పలు పడిందో నాకు అప్పటికి తెలుసు. నా పేరు నిలబెట్టడానికి దాన్ని జనం ముందు పెట్టేసింది. నా జీవితంలో నాకు జరిగిన సన్మానం అదొక్కటే, దానికి శాలువా లేదు.

"ఇక మానేస్తున్నానని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు" అంది మేడం. "మోకాలు పాడదు కదండీ. మొదలుపెడదామా?"

మొదటి పాటకు జనం ఎటూ తేల్చుకోలేకపోయారు. వెనకనుంచి ఎవరో "లెగండి మేడం" అని అరిచారు. "నువ్వు లేచావుగా, చాలు" అంది ఆమె పాట మధ్యలోనే. నవ్వులు. రెండో పాటలో చెయ్యి పైకెత్తింది. నీలం కోటులోంచి ఎరుపు ఒక్కసారి విప్పుకుంది. మళ్ళీ దించింది, మళ్ళీ ఎత్తింది. ముందు వరసలో అమ్మాయిలు ఆమెతోపాటు చేతులెత్తడం మొదలుపెట్టారు. నాలుగో పాటకు గ్రౌండు మొత్తంలో కూర్చున్నది ఆమె ఒక్కతే. కమిటీ పెద్ద కూడా లేచి నిలబడి కండువా ఊపుతున్నాడు.

అంతా అయ్యాక ఆయనే వచ్చి, "ఆఖరి ప్రోగ్రామని అనవసరంగా ప్రకటించానమ్మా" అన్నాడు. "పర్లేదు బాబాయ్, వచ్చే ఏడాది కూడా అలాగే ప్రకటించండి. జనం బాగా వస్తారు" అంది.

కథ సుఖంగా ముగిసిందని అనుకోకండి. కుర్చీ సంగతి విని రెండు నగరాల వాళ్ళు వెనక్కి తగ్గారు. మిగతాచోట్ల జరిగాయి. మేనేజరును మేడం తీసెయ్యలేదు. చాలా రోజులు అతనితో మాట్లాడలేదు, అంతే. తర్వాత ఒకరోజు కీబోర్డు ముందు కూర్చోమంది. వచ్చినంత వాయించు చాలంది. జేబుల పిల్ల ఇప్పుడు తన పేరుతో తను పాడుకుంటోంది. మేడం ఆపరేషను చేయించుకుంది, ఒక కాలికే. జనం మర్చిపోలేదు. నేను కంట్లో పొర వచ్చి పని మానేశాను.

మొన్న మేడం విజయవాడ నుంచి ఫోన్ చేసింది. కొత్త కోటు కావాలట.

"నేను మానేశాను కదండీ. కళ్ళు సరిగ్గా కనపడవు" అన్నాను.

"కత్తిరించడానికి వేరేవాళ్ళున్నారు. కొలతకి నువ్వు రా."

"పాత కొలతలున్నాయిగా."

"అవి పాతవి. నేను మారాను. ఇంకొన్నాళ్ళు పోతే పడుకోబెట్టి తీసుకోవాలి నా కొలత. ఈలోగానే రా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక నాకు నవ్వు రాలేదు. టేపు తీసి సంచిలో పెట్టుకున్నాను. రేపు పొద్దున్నే విజయవాడ బస్సుకు బయల్దేరుతున్నాను.